అప్‌డేట్: మా ఆవిడ వాళ్ల అమ్మమ్మ నలభయ్యో రోజు

పోయిన నెల అడిగాను గుర్తుందా? మా ఆవిడ వాళ్ల అమ్మమ్మ ఉక్రెయిన్‌లో, పొల్తావా దగ్గర పల్లెలో పోయారు, మేం వార్సాలో ఉన్నాం, వెళ్లే వీల్లేదు, వాళ్ల ఆచారం ప్రకారం పోయినవాళ్లని తలుచుకునే నలభయ్యో రోజు ఇక్కడే ఎలా చేయాలని. మొన్న ఆదివారం చేశాం.

కుత్యా (ఆ రోజు పెట్టే తీపి వంటకం) వండమన్నవాళ్లకి థాంక్స్. గోధుమలు ఉడికించి తేనె, గసగసాలు కలిపాం. గసాలు మిక్సీలో నలగలేదు, చివరికి మా అమ్మ ఇచ్చిన చిన్న రోలే దిక్కయింది. బల్ల మీద చెంచాలే, ఫోర్కులు పెట్టకూడదట. పూలు సరిసంఖ్యలోనే ఉండాలట. నేను ఐదు తెచ్చాను, మా ఆవిడ ఒకటి తీయించింది.

తర్వాత కబుర్లు. బాబుస్యా (అమ్మమ్మని వాళ్లు అలా పిలుస్తారు) 1935లో పుట్టారు. 1932-33లో స్టాలిన్ హయాంలో ఉక్రెయిన్‌లో వచ్చిన హొలొదొమోర్ కరువులో ఆ ఇంట్లో ఒక పిల్లాడు పోయాడు, ఈవిడ చూడని అన్న. అందుకేనేమో, భోజనం అయ్యాక బల్ల మీది రొట్టె పొడి అరచేత్తో ఊడ్చి నోట్లో వేసుకునేవారు. నేను కళ్లారా చూశాను. మా నాయనమ్మ కింద పడిన మెతుకు కళ్లకద్దుకునేది, అదే గుర్తొచ్చింది.

ఆవిడది కొల్‌హోజ్‌లో, అంటే సోవియట్ కాలపు సామూహిక వ్యవసాయ క్షేత్రంలో, చక్కెర దుంపల పని. ఆ రైతులకి పాస్‌పోర్టులు (విదేశాలకి కాదు, దేశం లోపల వాడే గుర్తింపు పత్రాలు) ఇవ్వడం మొదలైందే 1976లో! అప్పటికి ఆవిడకి నలభై దాటాయి.

సాయంత్రం అత్తగారు వీడియో కాల్‌లో దొడ్డి చూపించారు. బాబుస్యా ఆవు ఉంది. పక్కింటావిడ పాలు పితుకుతోంది, దానికింకా అలవాటు కాలేదట, తన్నేస్తోంది.