సమస్యాపూరణం: కరఁగిపోయిన బిళ్లయే కరఁగకుండె

పృచ్ఛకుడు: ఈసారి సమస్య తేటగీతి పాదం. దాన్నే చివరి పాదంగా నిలిపి, పై మూడు పాదాలూ మీరు చెప్పాలి. చిన్నప్పుడు చప్పరించిన మిఠాయి బిళ్ల మీద పూరించండి. జ్ఞాపకంలో ఉండిపోయిందని ఊరికే తేల్చేయకుండా, ఎక్కడ ఉండిపోయిందో చూపించండి.

చిరుగాలి:
పుస్తకమ్మునఁ దాచిన పొరను విప్ప
నాటి తీయని వాసనే నన్నుఁ జేరె
రంగు వెలసినఁ గూడఁ దా మిగిలిపోయె
కరఁగిపోయిన బిళ్లయే కరఁగకుండె

పృచ్ఛకుడు: చోటు బాగా ఎంచుకున్నారు చిరుగాలి గారూ. నాలుక మర్చిపోయినదాన్ని ముక్కు పట్టిస్తుంది. వాసన కబురు మెదడులో జ్ఞాపకాల, ఉద్వేగాల కేంద్రాలకు దగ్గరి దారిన చేరుతుంది కాబట్టి రెండో పాదం నిజం. మూడో పాదంలో మాత్రం 'రం'కి 'మి'తో యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు, కుదరలేదు. 'రంగు వెలసినఁ గూడఁ దా రహిని నిలిపె' అంటే సరిపోతుంది.

చిరుగాలి: ధన్యవాదాలండీ. సవరించుకుంటాను.

మంచుబిందువు:
పాకమంతయు మరిగింపఁ బట్టు బిగిసి
గాజువలె గట్టిపడినట్టి ఖండమయ్యె
నోటఁ బెట్టక జేబులో నొక్కి దాచ
కరఁగిపోయిన బిళ్లయే కరఁగకుండె

పృచ్ఛకుడు: తర్కం బిగువుగా ఉంది. చక్కెర పాకం దాదాపు 150 డిగ్రీల సెల్సియస్ దాకా మరిగి, స్ఫటికాలు కట్టే వ్యవధి లేకుండా చల్లారితే గాజులాగే గట్టిపడుతుంది. కరిగిన చక్కెరే కరగని బిళ్ల అయింది. కానీ మూడో పాదం దగ్గర ఆగిపోయాను. గట్టి బిళ్ల గాలిలో తేమని లాక్కుంటుంది. జేబులో దాస్తే సాయంత్రానికి కాగితం అంటుకుపోతుంది, గోటితో ఎంత గీకినా తెల్లటి పీలికలు మిగులుతాయి. ఆ పీలికలతో సహా నోట్లో వేసుకున్నవాళ్లం మనం! ఆ జిగట పద్యంలోకి రాలేదు.

పాతపలక:
చొక్క యంచునఁ జుట్టి నే సుంత కొరికి
చెల్లి కిచ్చిన ముక్కయే చిన్నదనుచు
నలిగి చూచిన కన్నులం దట్టె నిలిచి
కరఁగిపోయిన బిళ్లయే కరఁగకుండె

మంచుబిందువు: చాలా బాగుందండీ. 'సుంత' (కొంచెం) మాత్రం యతి కోసం వచ్చినట్టుంది. 'సగము' అనాల్సిన చోటు కదా?

పాతపలక: లేదండీ, నేను ఇచ్చింది సుంతే. పెద్ద ముక్క నా బుగ్గలో ఉంది.

పృచ్ఛకుడు: అయితే ఆ మాట కదపొద్దు. 'అనుచున్ + అలిగి' సంధిలో 'నలిగి' అయింది చూశారా? యతి అచ్చుకే, 'అట్టె'తో చక్కగా కుదిరింది. చెవికి మాత్రం చెల్లి అలగడమూ వినిపిస్తోంది, నలిగిపోవడమూ వినిపిస్తోంది. చొక్కా అంచు మీద పళ్ల గాటు, దాని చుట్టూ తడి మరక కూడా కనబడుతున్నాయి నాకు. నా మట్టుకు ఆ బిళ్ల ఇక్కడే ఉంది.

పాతపలక: ఇప్పుడే ఫోన్లో చెల్లికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పెద్ద ముక్క నీ బుగ్గలో ఉందని నాకు అప్పుడే తెలుసు అన్నయ్యా" అంది.