పాత కంప్యూటర్లు అమ్మేముందు అందులోని ఆధార్ కాపీలు పూర్తిగా పోవాలంటే ఏం చేయాలి?

కొర్లగుంట నెట్ సెంటర్:
అన్నలకు నమస్కారం. తిరుపతిలో మాది జిరాక్స్, నెట్ సెంటర్. అద్దె పెరిగి చిన్న గదికి మారుతున్నాం. పాత డెస్క్‌టాప్‌లు కొన్ని స్క్రాప్ ఆయనకు ఇచ్చేయాలి. మూడొందల దర్శనం టికెట్టుకీ, గదులకీ వచ్చినవాళ్ల ఆధార్ స్కాన్లు, పాస్‌బుక్ మొదటి పేజీలు, పెళ్లి సంబంధాల బయోడేటాలు అన్నీ డీ డ్రైవ్‌లోనే ఉన్నాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన యాత్రికులవి. వాళ్ల కార్డు ఇంకా నా దగ్గర ఉందని వాళ్లకు తెలియను కూడా తెలియదు. ఫార్మాట్ కొట్టి ఇచ్చేయమంటున్నాడు మా బావమరిది. అది చాలా? ఒకదాంట్లో ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని చిప్‌ల డిస్కు) ఉంది. ఇంకోటి టక్ టక్‌మని కొట్టుకుంటుంది తప్ప తెరుచుకోదు.

చిత్తూరు హార్డ్‌వేర్:
చాలదు తమ్ముడూ. క్విక్ ఫార్మాట్ అంటే ఇంటి ముందు నేమ్ బోర్డు పీకేయడమే, లోపల సామాను అలాగే ఉంటుంది. పొరపాటున ఫార్మాట్ చేసుకుని మా షాపుకి పరిగెత్తుకొచ్చేవాళ్ల ఫోటోలు నేను ఫోటోరెక్ అనే సాఫ్ట్‌వేర్‌తో తీసిస్తుంటాను. అది ఉచితం. నాకు వచ్చిన విద్య కొన్నవాడికీ వస్తుంది.

తిరిగే డిస్కులైతే, అంటే మామూలు హార్డ్ డిస్కులైతే, మొత్తం సున్నాలు రాసేయాలి. డిస్కు విప్పి ఇంకో కంప్యూటర్‌కి తగిలించు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి వరుసగా ఇవి కొట్టు: డిస్క్‌పార్ట్, తర్వాత లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్ పక్కన నంబరు, చివరికి క్లీన్ ఆల్. ఆ 'ఆల్' మరిచిపోతే పార్టిషన్ల వివరాలు మాత్రమే పోతాయి, ఫైళ్లు అక్కడే ఉంటాయి. నంబరు కొట్టేముందు సైజు రెండుసార్లు చూసుకో. 'నిజంగా తీసేయాలా' అని అది అడగదు, నేరుగా పని మొదలుపెడుతుంది. 500 జీబీకి రెండు గంటలు అటూ ఇటూ పడుతుంది. ఎంత శాతం అయిందో కూడా చూపించదు. హ్యాంగ్ అయిందనుకుని స్విచ్ ఆపేయొద్దు.

రేణిగుంట రోడ్ సిస్టమ్ అడ్మిన్:
ఒక్కసారి రాస్తే ల్యాబులో మళ్లీ తీస్తారు. కనీసం 35 సార్లు రాయాలి.

చిత్తూరు హార్డ్‌వేర్:
సార్, ఆ 35 లెక్క కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ గుట్‌మన్ 1996లో రాసిన పేపర్‌ది. అప్పటి రకరకాల డిస్కులన్నిటినీ కలిపి వేసిన లెక్క. ఇప్పటి డిస్కులకు అదంతా అక్కర్లేదని తర్వాత ఆయనే చెప్పాడు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చిన 800-88 మార్గదర్శకం కూడా తిరిగే డిస్కుకి మామూలుగా ఒక్కసారి రాస్తే చాలంటుంది. రెండు గంటల పనిని 35 సార్లు చేస్తే దాదాపు మూడు రోజులు. ఈ ఎండల్లో ఆ పాత డిస్కు మధ్యలోనే ప్రాణం వదుల్తుంది.

తమ్ముడూ, ఎస్‌ఎస్‌డీ సంగతి వేరు. అందులో మనం ఒకచోట రాశామనుకుంటే లోపలి కంట్రోలర్ ఇంకోచోట రాస్తుంది. పాత ముక్కలు మనకు కనబడని చోట మిగిలిపోవచ్చు. కంపెనీ ఇచ్చే టూల్‌లో గానీ, బయాస్‌లో (విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల్లో) గానీ సెక్యూర్ ఎరేజ్ ఉంటుంది, అదే వాడు. కొత్త మెషీన్లకు మాత్రం మొదటి రోజే బిట్‌లాకర్ (డిస్కు మొత్తానికీ తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్ చేసి పెట్టుకో. రేపు అమ్మేటప్పుడు ఇంత టెన్షన్ ఉండదు.

టక్ టక్ అనేదానికి సాఫ్ట్‌వేర్ పనిచేయదు. మూత మీది స్టార్ స్క్రూలు విప్పి, లోపలి పళ్లేలన్నిటికీ డ్రిల్లుతో నాలుగైదు బెజ్జాలు వేసి వంచేయ్. డెస్క్‌టాప్‌వి ఎక్కువగా అల్యూమినియంవే. ల్యాప్‌టాప్‌వి గాజువి ఉంటాయి, పగిలి ఎగురుతాయి, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. అయస్కాంతాలు మాత్రం పారేయకు, భలే గట్టివి.

కొర్లగుంట నెట్ సెంటర్:
చాలా థ్యాంక్స్ అన్నా. ఒకదానికి క్లీన్ ఆల్ పెట్టి వదిలేశాను. అయిందో లేదో ఎలా తెలుసుకోవాలి? లీజుకి తెచ్చిన పెద్ద జిరాక్స్ మెషీన్ కూడా ఈ నెలాఖరుకి వెనక్కి ఇవ్వాలి. దానికేమీ అవసరం లేదు కదా?

చిత్తూరు హార్డ్‌వేర్:
డిస్క్‌పార్ట్ పని అయ్యాక అదే డిస్కు మీద ఫోటోరెక్ నడుపు. ఒక్క ఫైలు దొరికినా మళ్లీ మొదటికి రా.

జిరాక్స్ గురించి అడగడం మంచిదైంది. స్కానర్, ప్రింటర్ కలిసిన పెద్ద మెషీన్లలో చాలావాటికి లోపల హార్డ్ డిస్క్ ఉంటుంది. నువ్వు తీసిన కాపీల బొమ్మలు అందులో నిలిచిపోవచ్చు. అడ్మిన్ మెనూలో డేటా ఓవర్‌రైట్ లాంటిదేమైనా ఉందేమో చూడు. లేకపోతే సర్వీస్ ఇంజనీర్‌ని పిలిచి నీ ఎదురుగానే చెరిపించు, చెరిపామని కాగితం మీద సంతకం తీసుకున్నాకే మెషీన్ బండెక్కించు.