నాన్న చివరి రోజుల్లో బయటపడ్డ విషయం, ఏం చేయమంటారు?

నాన్నతో పదకొండేళ్లుగా నాకు మాటల్లేవు. ఇప్పుడు లివర్ క్యాన్సర్ చివరి దశ, డాక్టర్లు ఇంటికి తీసుకెళ్లిపొమ్మంటే రాజమండ్రి తెచ్చేశాం. మొన్న రాత్రి తడిగుడ్డతో పెదాలు తడుపుతుంటే నా చెయ్యి పట్టుకుని "తణుకులో నీకో చెల్లెలుందిరా, ఒక్కసారి పిలిపించు" అన్నారు. దిండు గలీబులో చిన్న ఫొటో, అంచులు అరిగిపోయి ఉంది. తమ్ముడు పిలవొద్దంటున్నాడు, వాటా అడుగుతుందని వాడి టెన్షన్. అమ్మకి ఎలా చెప్పాలో తెలియట్లేదు.

జవాబు 1: పిలవండి అన్నా, ఆలస్యం చేయకండి. మా బాబాయి విషయంలో ఇలాగే నాన్చారు, ఆ అమ్మాయి పెద్దకర్మ రోజున వచ్చి గుమ్మం బయటే నిలబడి వెళ్లిపోయింది, అది నేను మర్చిపోలేను.

జవాబు 2: పిలవనంత మాత్రాన హక్కు పోదు, మీ తమ్ముడికి చెప్పండి. రెండో పెళ్లి జరిగి ఉంటే, అది చెల్లకపోయినా, హిందూ వివాహ చట్టం సెక్షన్ 16 ప్రకారం ఆ పిల్లలు సక్రమ సంతానమే. ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే వాటాలోనూ వాళ్లకి భాగం ఉంటుందని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లే జరగకపోతే లెక్క వేరు, వకీలుని అడగండి.

జవాబు 3: ముందు అమ్మకి చెప్పండి, మీ నోటితోనే. వేరేవాళ్ల ద్వారా తెలిస్తే ఆవిడ తట్టుకోలేరు.

అడిగినవారు: పొద్దున అమ్మకి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు, బియ్యం ఏరుతూనే ఉంది. తర్వాత "నాకు తెలుసు, రమ్మను" అంది. రేపు తణుకు వెళ్తున్నా.