లూప్ వచ్చి అంతస్తు మొత్తం ఆగిపోయింది, ఎస్‌టీపీ ఎందుకు ఆపలేదు?

రాత్రిషిఫ్ట్:
నిన్న మధ్యాహ్నం మా అంతస్తులో నెట్‌వర్క్ మొత్తం పోయింది. స్విచ్‌ల లైట్లన్నీ ఒకటే మినుకు మినుకు. లాగిన్ అవుదామంటే స్విచ్ పలకనే లేదు. గంటసేపు వెతికితే తేలింది: టేబుల్ కింద ఉన్న ఐదు పోర్టుల చిన్న స్విచ్‌కు ఎవరో గోడలోని రెండు సాకెట్ల నుంచీ కేబుళ్లు పెట్టారు. ఒకటి పీకగానే అంతా మామూలైపోయింది. ఆ రెండు సాకెట్లూ మా మేనేజ్డ్ (సెట్టింగులు మార్చగల) స్విచ్‌కే వెళ్తాయి, అంటే డేటా తిరిగి తిరిగి అక్కడికే వచ్చే లూప్ ఏర్పడింది. అందులో రాపిడ్ ఎస్‌టీపీ (అదనపు దారిని మూసి లూప్‌లు రాకుండా చూసే స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్‌లో వేగమైన రకం) ఆన్‌లోనే ఉంది. మరి ఎందుకు ఆపలేదు? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

పోర్టు24:
లాగిన్ కూడా కాలేదంటే అది బ్రాడ్‌కాస్ట్ స్టార్మేనండి, అంటే అందరికీ వెళ్లే ఫ్రేమ్‌లు ఆగకుండా తిరుగుతూ నెట్‌వర్క్‌ను ముంచేయడం. ఐపీ ప్యాకెట్‌కు టీటీఎల్ ఉంటుంది, రౌటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గి చివరికి చచ్చిపోతుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు అలాంటి లెక్కే లేదు. ఒక్క ఏఆర్‌పీ ప్రశ్న (ఈ ఐపీ ఎవరిది అని అందరినీ అడిగేది) లూప్‌లో పడితే కేబుల్ పీకేదాకా తిరుగుతూనే ఉంటుంది. పైగా ఒకే మ్యాక్ అడ్రస్ (పరికరం హార్డ్‌వేర్ చిరునామా) ఇప్పుడు ఈ పోర్టులో, మరుక్షణం ఆ పోర్టులో కనిపిస్తుంది కాబట్టి స్విచ్ టేబుల్ కూడా తారుమారవుతుంది.

మీ దగ్గర జరగాల్సింది ఇది. స్విచ్ ప్రతి 2 సెకన్లకు ఒక్కో పోర్టు నుంచి బీపీడీయూ (ఎస్‌టీపీ కోసం స్విచ్‌లు పంపే చిన్న సందేశం) పంపుతుంది. మొదటి పోర్టు పంపినది చిన్న స్విచ్ గుండా తిరిగి రెండో పోర్టుకు చేరితే, అది తను పంపినదేనని గుర్తుపట్టి రెండో పోర్టును బ్లాక్ చేస్తుంది. అలా చేయలేదంటే బీపీడీయూ ఎక్కడో ఆగిపోతోంది. ఆ పోర్టుల మీద బీపీడీయూ ఫిల్టర్ (బీపీడీయూలను పంపకుండా, వచ్చినా పట్టించుకోకుండా చేసే సెట్టింగ్) ఉందేమో చూడండి.

పాతకేబుల్:
నేనూ ఆ ఫిల్టర్‌నే అనుమానిస్తున్నా. నా అనుభవం చెప్తాను. రేడియా పెర్ల్‌మన్ 1985లో రూపొందించిన ఎస్‌టీపీ పద్ధతే 1990లో 802.1డి ప్రమాణమైంది. అందులో పోర్టు తెరుచుకోవాలంటే లిజనింగ్ దశకు 15, లెర్నింగ్ దశకు 15, మొత్తం 30 సెకన్లు పడుతుంది. ఈలోపు కంప్యూటర్ డీహెచ్‌సీపీ ద్వారా ఐపీ అడ్రస్ అడిగి, జవాబు రాక వదిలేస్తుంది. యూజర్ల ఫిర్యాదులు భరించలేక మా పాత అడ్మిన్ పోర్టులన్నిటికీ పోర్ట్‌ఫాస్ట్ (ఆ 30 సెకన్లు ఆగకుండా వెంటనే తెరిచేది) పెట్టి, బీపీడీయూలు అనవసరమని ఫిల్టర్ కూడా పెట్టేశాడు. పోర్ట్‌ఫాస్ట్ సరైనదే. ఫిల్టర్ మాత్రం ప్రమాదం. పోర్టు మీద నేరుగా పెడితే అక్కడ ఎస్‌టీపీ లేనట్టే. దాని బదులు బీపీడీయూ గార్డ్ పెట్టండి, బీపీడీయూ కనిపించిన మరుక్షణం పోర్టు మూసుకుంటుంది.

ఫైబర్‌దారి:
ఫిల్టర్ లేకుండా కూడా మాకు లూప్ వచ్చింది. రెండు స్విచ్‌ల మధ్య ఫైబర్‌లో ఒక పోగు దెబ్బతింది, ఒక వైపు మాత్రమే సిగ్నల్ వెళ్తోంది. అవతలి స్విచ్‌లో బ్లాక్ అయి ఉన్న పోర్టుకు బీపీడీయూలు రావడం మానేశాయి. దారి ఖాళీగా ఉందనుకుని అది కాసేపటికి తెరుచుకుంది. అంతే, లూప్. పోర్టును బ్లాక్‌లో ఉంచేది వచ్చే బీపీడీయూలే అని అప్పుడే బాగా అర్థమైంది. లూప్ గార్డ్ (బీపీడీయూలు ఆగిపోయినా అలాంటి పోర్టును తెరవనివ్వనిది) పెట్టాక మళ్లీ రాలేదు.

రాత్రిషిఫ్ట్:
పోర్టు24 గారూ, పాతకేబుల్ గారూ, మీరన్నదే నిజం. రెండు పోర్టుల మీదా ఫిల్టర్ ఉంది. ఇంకోటి కూడా బయటపడింది: రూట్ బ్రిడ్జ్ (ఎస్‌టీపీ దారులన్నిటికీ కేంద్రంగా ఎన్నికైన స్విచ్) మా కోర్ (ప్రధాన) స్విచ్ కాదు, ఎక్కడో మూల గదిలోని పాత యాక్సెస్ స్విచ్!

పోర్టు24:
రూట్‌గా ప్రయారిటీ అంకె తక్కువ ఉన్నదే గెలుస్తుంది. అన్నిటికీ 32768 అనే డిఫాల్టే ఉంటే, తక్కువ మ్యాక్ అడ్రస్ ఉన్నదే గెలుస్తుంది. పాత స్విచ్ గెలవడం చాలా చోట్ల చూశాను. అప్పుడు ట్రాఫిక్ అంతా ఆ బక్క స్విచ్ చుట్టూ తిరిగి వెళ్తుంది. కోర్‌కు 4096, దాని జతకు 8192 పెట్టండి. మార్చగానే దారులు మళ్లీ లెక్కకడతాయి కాబట్టి పని వేళల్లో ముట్టుకోవద్దు. కొన్ని చిన్న స్విచ్‌లు బీపీడీయూలను ముందుకు పంపవు, అప్పుడు గార్డ్‌కు ఏమీ కనిపించదు. అందుకే స్టార్మ్ కంట్రోల్ (బ్రాడ్‌కాస్ట్ ట్రాఫిక్ హద్దు దాటితే ఆపేది) కూడా పెట్టి ఉంచండి.

రాత్రిషిఫ్ట్:
రాత్రి అన్నీ మార్చి, అదే చిన్న స్విచ్‌తో కావాలనే లూప్ పెట్టి చూశాను. రెండో కేబుల్ తగిలించగానే పోర్టు మూసుకుంది, లాగ్‌లో బీపీడీయూ గార్డ్ అని స్పష్టంగా పడింది. మిగతా అంతస్తులో ఎవరికీ అడ్డం రాలేదు. ఫిల్టర్ ఉన్న పోర్టులు ఇంకా ముప్పై దాకా ఉన్నాయి, వారాంతంలో వాటిని కూడా తీసేస్తాను.