పాతాళము, నరకము ఒకటేనా? విశ్వాస ప్రమాణంలోని "అదృశ్యలోకము" ఏది?

ప్రశ్న (గుంటూరు పాఠకుడు):
గత నెల మా నాయనమ్మగారి భూస్థాపన ఆరాధనలో విశ్వాస ప్రమాణం చెప్పుకుంటుండగా, క్రీస్తు "అదృశ్యలోకములోనికి దిగెను" అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. చిన్ననాటి నుండి పలుకుతున్న మాటే అయినా, ఆ లోకం ఏదని ఎన్నడూ అడగలేదు. ఇంటికి వచ్చి బైబిలు తెరిస్తే, లూకా 16లో ధనవంతుడు బాధపడుతున్నది "పాతాళములో". యాకోబు కుమారుని కోసం ఏడుస్తూ వెళ్తానన్నది "మృతుల లోకమునకు". మత్తయి 5లో కన్ను పెరికి పారవేయమన్నచోట "నరకము" అని ఉంది. ఇవి ఒకే చోటికి మూడు పేర్లా? పెద్దలు పోతే "ప్రభువు సన్నిధికి చేరారు" అంటాము కదా, మరి పునరుత్థానం వరకు నాయనమ్మ ఎక్కడ ఉన్నట్టు?

జవాబు (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు):
మీ కుటుంబానికి ప్రభువు ఆదరణ కలుగజేయును గాక. మీ చిక్కులో సగం అనువాదం నుండి వచ్చినదే. హీబ్రూ లేఖనాల్లో "షెయోల్" అన్న మాట సుమారు 65 సార్లు కనిపిస్తుంది. నీతిమంతుడైనా దుష్టుడైనా చనిపోయినవారందరూ దిగిపోయే నిశ్శబ్దమైన చోటు అది. దానినే గ్రీకు అనువాదకులు "హేడీస్" అన్నారు. తెలుగు బైబిలు ఈ రెంటికీ ఒకచోట పాతాళమనీ, మరొకచోట మృతుల లోకమనీ వాడింది. దేవుని కోపం చల్లారేవరకు తనను పాతాళంలో దాచమని యోబు వేడుకున్నాడు (14:13); అది నరకమే అయితే అలా వేడుకొనేవాడా? మన పురాణాల పాతాళం కూడా శిక్షాస్థలం కాదు, అక్కడ నాగులు, దానవులు వైభవంగా ఉంటారు. మాటను మాత్రం తెచ్చుకొని, మంటలను మనమే జోడించుకున్నాము.

నరకానికి మూలమైన "గెహెన్నా" వేరు. అది యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయ పేరు. పిల్లలను అగ్నిలో బలి ఇచ్చిన ఆ చోటును యోషీయా రాజు అపవిత్రపరిచాడు (2 రాజులు 23:10). అక్కడ ఊరి చెత్త నిత్యం కాలుతూ ఉండేదని ప్రసంగాల్లో తరచుగా వింటాము కానీ, ఆ మాటకు క్రీస్తుశకం 1200 ప్రాంతం కంటే పాత ఆధారం దొరకదు. కొత్త నిబంధనలో గెహెన్నా 12 సార్లు వస్తే, అందులో 11 యేసు మాటల్లోనివే.

జవాబు (కథోలిక పాఠకురాలు):
విశ్వాస ప్రమాణంలోని మాట గురించి నాకు తెలిసినది చెప్తాను. క్రీస్తు దిగినది శిక్షాస్థలానికి కాదు, తనకు ముందు చనిపోయిన నీతిమంతులు విమోచన కోసం ఎదురుచూసిన చోటికి అని మా సంఘం బోధిస్తుంది. తూర్పు సంఘాల పునరుత్థాన చిత్రాల్లో ఆయన విరిగిన తలుపులను తొక్కి నిలబడి ఆదామును, హవ్వను చేయి పట్టి లేపుతుంటాడు. ఇస్తాంబుల్‌లో ఇప్పుడు మసీదుగా ఉన్న ఒకప్పటి ఖోరా దేవాలయంలో 14వ శతాబ్దపు అటువంటి చిత్రం ఉంది. ఇక మేము నమ్మే ఉత్తరించు స్థలం ఈ మూడింటిలో ఏదీ కాదు. అది రక్షణ పొందినవారి శుద్ధీకరణ. అందుకే నవంబరు 2న సమాధుల వద్ద ప్రార్థిస్తాము.

జవాబు (అడ్వెంటిస్టు సోదరుడు):
మా నమ్మకంలో మృతులు పునరుత్థానం వరకు తెలివిలేని నిద్రలో ఉంటారు (ప్రసంగి 9:5). అందుచేత మీ నాయనమ్మగారికి ఎదురుచూపు అన్నదే ఉండదు.

ప్రశ్నించినవారు:
అందరికీ వందనాలు. అయితే మాష్టారూ, పాతాళం నిశ్శబ్దమైన చోటైతే ధనవంతుడు అగ్నిజ్వాలలో ఎందుకు ఉన్నాడు? సిలువపై యేసు పక్కన ఉన్న దొంగకు ఆయన ఇచ్చిన "నేడు" పరదైసు అన్న వాగ్దానాన్ని నిద్రతో ఎలా కలుపుతారు?

జవాబు (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు):
యేసు కాలానికి యూదుల్లో ఆ తలంపు మారింది. మృతుల లోకంలోనే నీతిమంతులకు ఒకవైపు, దుష్టులకు మరొకవైపు అనుకొనేవారు ఉన్నారు. ఆ ఉపమానంలోని "మహా అగాధము" అటువంటిదే. అయినా అది కడపటి నరకం కాదు, ఎందుకంటే ప్రకటన 20:14లో మృతుల లోకాన్నే అగ్నిగుండంలో పడవేస్తారు. నిద్ర అనేవారు "నేడు" అన్న మాటను "నేడు నీతో చెప్పుచున్నాను" అని ముందరి మాటతో కలిపి చదువుతారు. పాత గ్రీకు ప్రతుల్లో విరామ చిహ్నాలు లేకపోవడం వారికి కలిసివచ్చింది. నాకు ఆ చదువు కుదిరినట్టు అనిపించదు. యేసు "నిశ్చయముగా నీతో చెప్పుచున్నాను" అని ఎన్నోసార్లు అన్నా, ఆ మాటకు "నేడు" చేర్చడం మరెక్కడా కనబడదు.