జర్మనీలో హాంబర్గ్ ఫుట్‌బాల్ క్లబ్ సెయింట్ పౌలి మ్యాచ్ చూసినవాళ్లు ఉన్నారా? ఫుట్‌బాల్, పంక్ (తిరుగుబాటు రాక్ సంగీతం), రాజకీయం అన్నీ ఒక్కచోట ఎలా కలిశాయి?

కాకినాడ_కీపర్:
హాంబర్గ్‌లో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. క్లబ్ 1910 నాటిది కదా, మరి ఈ పుర్రె జెండా, పంక్ గోల ఎప్పుడు మొదలయ్యాయి?

రేవు_లావణ్య:
80ల్లో తమ్ముడూ. రేవు దగ్గర హాఫెన్‌స్ట్రాసెలో ఖాళీ ఇళ్లు ఆక్రమించుకుని పంక్ కుర్రాళ్లు ఉండేవాళ్లు, స్టేడియం నడిచెళ్లే దూరమే కాబట్టి మ్యాచ్‌లకి రావడం మొదలుపెట్టారు, అప్పట్లో జర్మనీలో చాలా స్టేడియాల్లో నియోనాజీ (హిట్లర్ భావాలు నమ్మే) మూకలు తిరిగేవి కాబట్టి వాళ్లంటే పడనివాళ్లందరికీ ఇదే అడ్డా అయిపోయింది. పుర్రె జెండా తెచ్చింది డాక్ మబూసే అనే పంక్ సింగర్. గోల్‌కీపర్ ఫోల్కర్ ఇప్పిగ్ కూడా కొన్నాళ్లు ఆ ఇళ్లలోనే ఉన్నాడు!

మిడ్‌ఫీల్డ్_మూర్తి:
నాకు నచ్చేది ఏంటంటే ఇదంతా గ్యాలరీలోంచి ఆఫీసుకి ఎక్కింది, పైనుంచి దిగింది కాదు. జాత్యహంకార నినాదాలు స్టేడియంలో నిషేధించాలని పట్టుబట్టి సాధించింది ఫ్యాన్సే. అప్పట్లో స్టేడియానికి క్లబ్ పాత ప్రెసిడెంట్ పేరు ఉండేది, ఆయన నాజీ పార్టీ సభ్యుడని తేలాక 1998లో ఆ పేరు తీయించేసి మళ్లీ మిల్లెర్న్‌టోర్ అని పెట్టించారు. తర్వాత 2002లో కోర్నీ లిట్‌మన్ క్లబ్ ప్రెసిడెంట్ అయ్యాడు, తను గే అని ఎప్పుడూ దాచుకోని మనిషి. ఫుట్‌బాల్‌లో అది చిన్న విషయమా చెప్పండి.

బెజవాడ_బాసిస్ట్:
అన్నా, మరి ఇప్పుడు ఆ పుర్రె టీషర్ట్ ఎక్కడ చూసినా అమ్ముతున్నారుగా, అది పంక్ ఎలా అవుతుంది?

మిడ్‌ఫీల్డ్_మూర్తి:
ఆ గొడవ వాళ్లలోనే ఉంది తమ్ముడూ. 2011లో ఇదే కోపంతో ఎర్ర పుర్రె జెండాలు ఎత్తారు, అదీ సొంత క్లబ్ మీదే. ప్రేమ లేకపోతే అంత పోట్లాడరు.

రేవు_లావణ్య:
హెల్స్ బెల్స్ అనే రాక్ పాటలోని గంట మోగుతుండగా టీమ్ దిగితే ఒళ్లు గగుర్పొడుస్తుంది, పక్కన ముసలావిడా, పచ్చజుట్టు కుర్రాడూ కలిసి అరుస్తుంటారు. నేను అమ్మాయిని, ఒక్కదాన్నే వెళ్తాను, ఎప్పుడూ భయం అనిపించలేదు. బీరు కప్పుల డిపాజిట్ వెనక్కి తీసుకోకుండా చాలామంది వివా కోన్ అగ్వా వాళ్ల డబ్బాల్లో వేసేస్తారు, అది నీళ్ల ప్రాజెక్టులకి వెళ్తుంది. ఆ సంస్థని 2005లో పెట్టింది ఈ క్లబ్ ఆటగాడే, బెంజమిన్ ఆడ్రియోన్.

కాకినాడ_కీపర్:
అక్కా, సహకార సంఘం పెట్టారని విన్నాను, నిజమేనా?

రేవు_లావణ్య:
నిజమే, 2024లో. ఇరవై వేలమందికి పైగా షేర్లు కొన్నారు, ఆ డబ్బుతో స్టేడియంలో మెజారిటీ వాటా ఆ సంఘం చేతికి వచ్చింది. ఎన్ని షేర్లున్నా మనిషికి ఒక్కటే ఓటు.