అప్‌డేట్: యూఏఈ నుంచి ఇండియాకి వచ్చే డబ్బు, మ్యాట్రిక్స్ లెక్కకీ ఆర్‌బీఐ సర్వేకీ తేడా

విదేశాల్లో ఉన్నవాళ్లు ఇండియాకి పంపే డబ్బులో యూఏఈ వాటా ప్రపంచ బ్యాంకు మ్యాట్రిక్స్ (ఏ దేశం నుంచి ఏ దేశానికి ఎంత వెళ్తుందో అంచనా వేసే పట్టిక) పద్ధతిలో కడితే ఎక్కువొస్తోంది, ఆర్‌బీఐ 2023-24 సర్వేలో మాత్రం 19.2 శాతమే (అమెరికా 27.7), ఎందుకని ఇక్కడ అడిగాను. తేలింది. అందరికీ థ్యాంక్స్.

తలసరి ఆదాయం చూడమన్న సలహానే పనిచేసింది. ఆ పద్ధతి దేశానికొచ్చిన మొత్తాన్ని వలసదారుల సంఖ్య, రెండు దేశాల తలసరి ఆదాయాల మీద పంచుతుంది. యూఏఈ తలసరిలో చమురు డబ్బు కలిసుంటుంది. దుబాయ్ సైట్‌లో సెంట్రింగ్ కొట్టే జగిత్యాల మనిషి జీతం దాని దరిదాపుల్లో ఉండదు. దాని బదులు వృత్తులవారీ జీతాల సగటు పెడితే తేడా చాలావరకు పోయింది.

మిగిలిన తేడా కరెస్పాండెంట్ బ్యాంకుల (డబ్బు పంపడంలో మధ్యవర్తులుగా ఉండే బ్యాంకులు) గొడవ. గల్ఫ్‌లో కట్టిన డబ్బు న్యూయార్క్ బ్యాంకు మీదుగా వస్తే అమెరికా ఖాతాలో పడొచ్చు. ఫార్ములాలో దీనికి మందు లేదు, అందుకే ఒక్క అంకె కాకుండా రేంజ్ ఇచ్చాను.

హవాలాకి సంబంధం లేదు: రెండు లెక్కలూ అధికారికంగా నమోదైన డబ్బువే. మారకపు రేటూ కాదు, వాటాల్లో అది కొట్టుకుపోతుంది.

ఐరాస వలస డేటా వాడేవాళ్లకి ఒకటి: అమెరికా లెక్క పుట్టిన దేశం బట్టి, యూఏఈది పౌరసత్వం బట్టి. ఒకే కాలమ్‌లో కలిపేముందు ఏ దేశానిది ఏ లెక్కో చెప్పే గుర్తు చూసుకోండి.